గుండెకు ఇల్లుటం వచ్చిన తీగ

మొన్న కరీంనగర్‌లో హుజూరాబాద్ బస్సు ఎక్కితే నా ముందు సీట్లో ఒక ముసలాయన కూర్చున్నాడు. ఎడమ చేతిని కండువాతో ఒంటికి బిగించి కట్టుకున్నాడు. చొక్కా పై గుండీలు పెట్టుకోలేదు, మెడ ఎముక కింద తెల్లటి పట్టీ కనిపిస్తోంది. ఊరుకోవాలి కదా, నేనూరుకునే మనిషిని కాను. ఏళ్ల తరబడి బడిపిల్లల్ని గదమాయించిన నోరు ఇది. ముందుకు వంగి, పేస్‌మేకరు పెట్టారా తాతా అని అడిగాను. ఔనన్నాడు. అయితే చేయి కట్టేసుకోవద్దు, భుజం కన్నా పైకి లేపకుంటే చాలు, కట్టేస్తే కొయ్యబారిపోతుందని చెప్పాను. నువ్వేమన్నా డాక్టరువా అన్నాడు. కాదు, తెలుగు పంతులమ్మనన్నాను. ఆ మాట వినగానే ఆయన మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నాడు. కట్టు మాత్రం విప్పలేదు.

ఇంకోరయితే నాకు కోపం వచ్చేది. ఆయన్ని చూస్తే నవ్వొచ్చింది. అచ్చం ఇదే పని మా పెద్దబాపు చేశాడు, ఇంతకన్నా గట్టిగా చేశాడు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. బస్సు మానకొండూరు దాటేదాకా నవ్వుతూనే ఉన్నాను, పక్కామె నేనో పిచ్చిదాన్నని అనుకుని ఉంటుంది.

పెద్దబాపు అంటే మా అమ్మకు అక్క మొగుడు. మా తాతకు ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దామెను బయటికి పంపితే ఇల్లు, భూమి ఎవరు చూస్తారని తాత అల్లుణ్ణే ఇంటికి తెచ్చుకున్నాడు. దాన్ని మా వైపు ఇల్లుటం అంటారు. అట్లా ఈయన ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర పొలిమేరకు ఆనుకున్న ఊరి నుంచి, జమ్మికుంట పక్కన ఉన్న మా తాత ఊరికి ఒక రేకుపెట్టె పట్టుకుని వచ్చాడు. నాకు బుద్ధి తెలిసేసరికి ఆయన ఆ ఇంట్లో పాతబడిపోయాడు. కానీ నాకు గుర్తున్నంత వరకు ఆయన నడకలో, కూర్చోవడంలో, అన్నిట్లో, ఇప్పుడే వచ్చిన చుట్టం ఒకడు ఉండేవాడు.

ఇంట్లోకి వచ్చేముందు గుమ్మంలో దగ్గేవాడు. ఎవరింటి గుమ్మమో కాదు, తన ఇంటిదే. దాహమేస్తే కుండ దగ్గరికి పోయి ముంచుకునేవాడు కాదు. అరుగు మీద కూర్చుని "ఎవలన్న ఉన్నరా, జర నీళ్లియ్యిండ్రి" అనేవాడు. ఎవరూ లేకపోతే ఎవరైనా వచ్చేదాకా అట్లాగే కూర్చునేవాడు. అక్కాచెల్లెళ్లిద్దరూ భూమి ముచ్చట మొదలుపెట్టారంటే మెల్లగా లేచి దొడ్లోకి పోయేవాడు, పశువులకు అప్పుడే మేత వేసి ఉన్నా మళ్లీ వేసేవాడు. మా అమ్మా, ఆయన పెళ్లాం పెద్దవ్వా ఎక్కువసేపు మాట్లాడుకున్న రోజు బర్రెలకు పండగ.

ఏం చెప్పినా ఆయన జవాబు ఒకటే, "బరా". మరాఠీలో సరే అని. దాంట్లోనే ఇష్టమైన బరా, ఇష్టం లేని బరా, నువ్వు చెప్పేది అబద్ధమని నాకు తెలుసులే అనే బరా అన్నీ ఉండేవి. మా చిన్నప్పుడు మేం ఆయన్ని ఏడిపించడానికి, పెద్దబాపూ నీ పంచెకు నిప్పంటుకుంది అనేవాళ్లం. బరా అనేవాడు.

పెద్దవ్వ చెడ్డ మనిషి కాదు. నోరు మాత్రం ఊరంత. కోపం వస్తే ఏమనాలో ఏమనకూడదో చూసుకునేది కాదు, చివరికి మాత్రం ప్రతిసారీ ఒక్కమాట దగ్గరికే వచ్చి ఆగేది: "గిది మా బాపు ఇల్లు, యాద్‌పెట్టుకో." ఆ మాటకు కూడా ఆయన బరా అనేవాడు. అది ఏ రాగమో మాకు అప్పుడు తెలిసేది కాదు.

ఆయనకు ఒకే ఒక్క షోకు, పత్తి. తన పత్తి అమ్ముడుపోయాక కూడా జమ్మికుంట మార్కెట్టుకు పోయి పరాయివాళ్ల కుప్పల దగ్గర తిరిగేవాడు. ఇంత పత్తి తీసి రెండు చేతుల బొటనవేళ్ల మధ్య మెల్లగా గుంజి, పోగు ఎంత పొడుగు వస్తుందో చూసుకుని మురిసిపోయేవాడు. చూసిన పత్తిని పారేయబుద్ధి కాదు, చొక్కా ఎడమ జేబులో కుక్కుకునేవాడు. ఎప్పుడు చూసినా ఆ జేబు ఉబ్బి ఉండేది. అట్లా ఒకరోజు ఎవరిదో కుప్ప ముందు నిలబడి కళ్లు తిరిగి పడిపోయాడు. పత్తి మీద పడ్డాడు కనుక దెబ్బ తగలలేదు. తిన్నగా సిమెంటు మీద పడి ఉంటే ఈ ముచ్చట ఇక్కడితో అయిపోయేది.

కరీంనగర్‌కు తెచ్చారు. అక్కడ ఉంటున్నది నేనే కనుక ఆసుపత్రి పని నా మీద పడింది. గుండె పైగది నుంచి కిందిగదికి కబురు అందడం లేదని, అందుకే అది ఆగి ఆగి కొట్టుకుంటోందని చెప్పారు. మెడ ఎముక కింద చర్మం లోపల చిన్న డబ్బా పెట్టి, దాన్నుంచి ఒక సన్నటి తీగను నరంలోంచి గుండె కిందిగదిలోకి దింపారు. తీగ కొస గుండె మాంసానికి ఆని ఉంటుంది, అది కరెంటు ఇచ్చినప్పుడల్లా గుండె కొట్టుకుంటుంది.

డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపిక ఉన్న మనిషి. ఏమన్నా అడుగుతారా అంటే పెద్దబాపు నోరు తెరిచాడు. మామూలుగా ఆయన డాక్టర్లను ఏమీ అడగడు.

"తీగ పరాయిది గద బిడ్డా. గుండె ఊకుంటదా?"

ఊరుకోదని ఆమె చెప్పింది. కొత్తది వచ్చి తగలగానే అక్కడి మాంసం వాస్తుందట, కొన్ని వారాలు పోట్లాడుతుందట. ఆ రోజుల్లో గుండెకు మాట వినపడాలంటే కరెంటు కొంచెం ఎక్కువ కావాలి. కోపం చల్లారడానికని తీగ కొసలోనే ఇంత మందు కూడా పెట్టి ఉంటుంది. ఆ తర్వాత గుండె మెల్లగా తీగ చుట్టూ ఒక పొర అల్లుకుని దాన్ని పట్టుకుంటుంది. పొర పలుచగా ఉంటే ఇద్దరికీ సుఖం. మరీ మందమైతే కరెంటు అందదు. అసలు పట్టుకోకముందే చేయి పైకెత్తి గుంజితే తీగ జారిపోవచ్చు, అందుకని ఎడమ చేతిని కొన్నాళ్లు భుజం దాటి లేపొద్దు.

పెద్దబాపు చాలాసేపు ఆలోచించి, "అయితే ఇల్లుటం వచ్చినట్టే" అన్నాడు. డాక్టరమ్మకు ఆ మాట తెలియదు. నేను విడమరిచి చెబితే పడీపడీ నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు.

ఇంటికి పోయినప్పటి నుంచి ఆ తీగను "అల్లుడు" అనడం మొదలుపెట్టాడు. ఎడమ జేబులో పత్తి పెట్టడం మానేశాడు. ఎందుకని అడిగితే, కింద మనిషి ఉన్నడు అన్నాడు. ఊళ్లోవాళ్లకు దొరికింది సందు. అల్లుడు మంచిగున్నడా, అలిగిండా అని దారిన పోయే ప్రతివాడూ అడగడమే.

మూడు వారాలకు పరీక్షకు తీసుకెళ్లాను. ఛాతీ మీద ఒక బిళ్ల ఆనించి, ముందు మిషన్లో చూస్తూ డాక్టరమ్మ కరెంటు కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చింది. ఎంత తక్కువకు గుండె పలుకుతుందో చూడటం. ఆమె అనుకున్న దానికన్నా చాలా ముందే అది పలకడం మానేసింది. పెద్దబాపు కళ్లు ఒక్క క్షణం తేలిపోయాయి, ఆమె వెంటనే పెంచేసింది. వాపు కొంచెం ఎక్కువగా ఉందని, కరెంటు పెంచి పెడుతున్నానని, ఇంకో నెల పోయాక చూద్దామని చెప్పింది. తగ్గితే సరే. ఇంకా పెరిగితే మళ్లీ కోసి, తీగను వేరే చోట ఆనించాల్సి రావచ్చు.

ఆటోలో ఆయన నా చేయి పట్టుకున్నాడు. ఎప్పుడూ పట్టుకోలేదు.

"బిడ్డా, ఇది పట్టకపోతే మళ్ల కొయ్యనియ్యకు. నన్ను మా ఊరికి తోల్కపో."

ఏ ఊరు అన్నాను. నిజంగానే అర్థం కాలేదు నాకు. ఆయన వచ్చిన ఊరి పేరు చెప్పాడు. ఆ ఊరు వదిలి నలభై ఏళ్లు దాటింది. అక్కడ తమ్ముడున్నాడు, వాడి ఇంట్లో ఒక మూల దొరకదా అన్నాడు. ఇక్కడేమైందని గట్టిగా అడిగాను. ఏం కాలేదట, అందరూ మంచిగనే చూశారట. కానీ బతకడానికి వచ్చినోడు చావు కూడా తెచ్చి వాళ్ల వాకిట్లో పెట్టడం బాగుండదట. పెద్దవ్వకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు. ఆ ఆదివారమే ఊరికి పోయి పెద్దవ్వకు మొత్తం చెప్పేశాను. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను, ఇప్పటికీ దానికి నాకేం చింత లేదు.

పెద్దవ్వ తిడుతుందనుకున్నాను. కొన్నాళ్లపాటు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదట, బియ్యం మిల్లు ఆగిపోయినట్టు ఇల్లంతా నిశ్శబ్దమని మా అమ్మ ఫోన్లో చెప్పింది. ఇంకో సంగతి కూడా చెప్పింది. పెద్దబాపుకు జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల నూరుడు అంటే ప్రాణం. కాలువ నీళ్లొచ్చి వరి పండటం మొదలయ్యాక ఆ ఇంట్లో రొట్టె బీదతిండి కింద లెక్క. ఆయనే ఎప్పుడైనా దొడ్లో పొయ్యి పెట్టుకుని కొట్టుకునేవాడు. ఇప్పుడు ఒక చేతితో రొట్టె కొట్టలేడు కదా, పెద్దవ్వ కొట్టి పెడుతోందట. ఒక్కటీ గుండ్రంగా రావడం లేదట. ఆయన తింటున్నాడట.

పరీక్ష రేపనగా నేను ఊరికి పోయాను, తెల్లారి తీసుకురావడానికి. సాయంత్రం అందరం వాకిట్లో కూర్చున్నాం. పెద్దబాపు చేయి కండువాతో కట్టేసి ఉంది. లేపొద్దన్నారని జాగ్రత్త పడుతున్నాడులే అనుకున్నాను. పెద్దవ్వ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండా అడిగింది.

"నా కాడ సావనికి నీకేం కష్టమొచ్చింది?"

పెద్దబాపు నా వైపు చూశాడు. నేను చిక్కుడుకాయల వైపు చూశాను. ఇక బరా అంటాడు, లేచి దొడ్లోకి పోతాడు అనుకున్నాను. పోలేదు. ఆయన గొంతు పెంచడం నా జన్మలో అదే మొదటిసారి వినడం.

"ఇది మీ బాపు ఇల్లు అని నువ్వే అంటివి. ఒక్కసారి గాదు, వెయ్యిసార్లు అంటివి. ఆయన ఇంట్ల నేనెందుకు సావాలె?"

పెద్దవ్వ చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. నలభై ఏళ్లుగా అన్న మాట ఎవరైనా తిరిగి తన ముందు పెడితే ఎట్లా ఉంటుందో ఆమె మొహంలో చూశాను.

"మా బాపు సచ్చి ఇరవై ఏండ్లాయె" అంది. "గిది ఇంక ఆయన ఇల్లెట్లయితది? ఆయన పోయినంక గీ గోడలకు సున్నం ఏసిందెవలు, కప్పు మీదికి ఎక్కిందెవలు? నేను నోటికొచ్చినట్టు అంటె నువ్వు మనసుల పెట్టుకుంటవా? అప్పుడే నోరు తెర్సి కొట్లాడొద్దా?"

ఇదీ న్యాయం. తిట్టింది తను, తప్పేమో తిరిగి తిట్టనందుకు ఆయనది. ఆ తర్వాత ఏడ్చింది. ఏడుస్తూనే, తీగ పట్టకపోతే మళ్లీ కోయిస్తాననీ, ఎన్నిసార్లయినా కోయిస్తాననీ, ఆదిలాబాద్ బస్సు ఎక్కితే మాత్రం కాళ్లు విరగ్గొడతాననీ చెప్పింది. ఆయన ఇంకా ఏదో అన్నాడు, ఆమె ఇంకేదో అంది. పక్కింటివాళ్లు గోడ మీద నుంచి తొంగి చూశారు. ఆ ఇంట్లో మొగుడూపెళ్లాల కొట్లాట రెండు గొంతులతో జరగడం వాళ్లకూ కొత్తే. నేను చిక్కుడుకాయలు ముందుకు లాక్కుని ఈనెలు తీశాను. మనసు హాయిగా ఉంది.

తెల్లారి పెద్దవ్వ కూడా బయల్దేరింది. పరీక్ష గదిలో ఆయన పక్కన నిలబడి మిషన్ను కళ్లార్పకుండా చూసింది, అదేదో తన మీద చాడీ చెప్పబోతున్నట్టు. డాక్టరమ్మ కరెంటు తగ్గిస్తూ పోయింది. గుండె పలికింది. ఇంకా తగ్గించింది, పలికింది. ఇంకా తగ్గించింది. ఆమె మొహంలో నవ్వు చూసి నేను కుర్చీలో కూలబడ్డాను. వాపు తగ్గిందనీ, పొర అల్లుకుందనీ చెప్పింది. ఇక మళ్లీ కోయాల్సిన పని లేదు. ముందు ముందు డబ్బాలో బ్యాటరీ అయిపోతే డబ్బా మారుస్తారు కానీ తీగ ఇదే ఉంటుంది, ఏళ్లు గడిచిన కొద్దీ గుండె దాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, గుంజితే మాంసం చినిగేంత గట్టిగా. పెద్దవ్వ ఆ చివరి మాటను ఇంకోసారి చెప్పించుకుంది.

ఇక చేయి లేపొచ్చు, ఏదీ లేపండి అని డాక్టరమ్మ అంది. చేయి లేవలేదు. ఆమె పట్టుకుని లేపబోతే పెద్దబాపు కెవ్వుమన్నాడు. అప్పుడు బయటపడింది ముచ్చట. భుజం దాటి లేపొద్దని ఆమె అంటే ఈయన అసలు కదపనే లేదు. మొదటిరోజు నుంచి పగలూ రాత్రీ ఒంటికి కట్టేసే ఉంచాడు, పరీక్షకు వచ్చే ముందు మాత్రమే కట్టు విప్పేవాడు. భుజం కీలు బిగుసుకుపోయింది. ఎవరు కట్టేసుకోమన్నారని ఆమె తల పట్టుకుంది.

"కొత్తగ వచ్చినోడు మెదలకుంట ఉండాలె బిడ్డా. మెదిలితె ఇంటోళ్లకు యాష్టకొస్తది" అన్నాడాయన. "నేను ఏడాది దాక వీళ్ల నీళ్లకుండ ముట్టలే. అందుకే నన్ను ఉండనిచ్చిన్రు."

పెద్దవ్వ అక్కడే, డాక్టరమ్మ ముందే, ఆయన నెత్తి మీద మెత్తగా ఒక మొట్టికాయ వేసింది.

ఇక చూడాలి భుజం వైద్యం. గోడ మీద వేళ్లతో పాకించుకుంటూ చేతిని రోజుకింత పైకి తీసుకుపొమ్మన్నారు. పెద్దవ్వ వంటింటి గోడ ఎంచుకుని, ఆయన వేళ్లు ఎక్కిన చోటల్లా బొగ్గుతో గీత గీసేది, ఎదిగే పిల్లవాడికి గీసినట్టు. నిన్నటి గీత దాటకపోతే చాయ్ లేదు. దొంగతనంగా మునివేళ్ల మీద లేచేవాడు, ఆమె మడమలు చూసి పట్టేసేది. నేను పోయిన ప్రతిసారీ గీతలు ఇంకా పైకి పాకి ఉండేవి. ఆఖరికి ఉప్పు డబ్బా ఉన్న అటక అందుకున్నాడు, ఆ రోజు ఊళ్లో చిన్న పిల్లలకు బెల్లం పంచింది పెద్దవ్వ.

ఆయన పూర్తిగా మారిపోయాడని చెబితే అబద్ధం. గుమ్మంలో దగ్గడం మానలేదు, నీళ్లు అడగడం మానలేదు. అలవాటైతే అలవాటే. భూమి మాటలప్పుడు మాత్రం లేచిపోవడం మానేశాడు. ఊరికే కూర్చుని వినేవాడు, నచ్చకపోతే నచ్చలేదనేవాడు. పెద్దవ్వ తిడితే రెండు మాటలు తిరిగి అనేవాడు, ఆమెకు అది మహా ఇష్టంగా ఉండేది. ఈ ముసలోడికి నోరొచ్చింది చూడు అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. కొన్నేళ్లకు డబ్బా మార్చారు. తీగ అదే.

పోయిన వానాకాలం మధ్యాహ్నం రొట్టె తిని మంచం మీద నడుము వాల్చాడు. పెద్దవ్వ ఏదో అడిగితే జవాబు రాలేదు. ఏ కష్టమూ పడలేదు. ఆదిలాబాద్ నుంచి తమ్ముడు వచ్చి అన్న కాళ్ల దగ్గర కూర్చున్నాడు. అన్నను ఎక్కడికి తీసుకుపోవాలని ఎవరూ అడగలేదు, ఆ తమ్ముడూ అడగలేదు.

కాల్చేముందు డబ్బా తీసేయాలి, లేకుంటే బ్యాటరీ మంటల్లో పేలుతుంది. జమ్మికుంట నుంచి ఒక డాక్టరు అబ్బాయి వచ్చాడు. అందర్నీ బయటకు పొమ్మంటే పెద్దవ్వ పోలేదు, తోడు నేనూ ఉన్నాను. పాత గాటు మీదనే కోసి, డబ్బా పైకి తీసి, తీగ కత్తిరించాడు. కత్తిరించిన కొస లోపలికి జారింది. పెద్దవ్వ అప్పటిదాకా పెద్దబాపు అరచేయి పట్టుకునే కూర్చుంది.

తీగ తియ్యవా అని అడిగింది.

"అది రాదవ్వా" అన్నాడా అబ్బాయి. "గుండె పట్టుకున్నది. గుంజితె సినుగుతది."

"గుంజకు బిడ్డా" అంది పెద్దవ్వ. "మాకు గూడ ఆయన గట్లనే పట్టిండు."